గర్భసంచి తీసేశాక అక్క మనిషే మారిపోయింది. దీని మీద ఎవరైనా పరిశోధన చేశారా?

మిరపచేను | శనివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, మిరప పండిస్తాం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా అక్కకి 32 ఏళ్ళు. పదిహేడో ఏట పెళ్ళి, ఇరవై రెండు వచ్చేసరికి ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లల ఆపరేషన్. 29వ ఏట గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట ఎక్కువగా అవుతోందని, నడుం నొప్పని టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్ళింది. స్కానింగ్ తీసి, "గర్భసంచి మూతి దగ్గర పుండు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా, ఇంక అదెందుకు" అన్నారట. నాలుగో రోజుకల్లా ఆపరేషన్ అయిపోయింది.

మూడేళ్ళయింది. ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. పొయ్యి మీద పాలు పొంగి గట్టు మీదికి కారుతున్నాయి, అక్క గరిటె పట్టుకుని వాటినే చూస్తూ నిలబడింది. నేను వెళ్ళి స్టవ్ కట్టేస్తే అప్పుడు ఉలిక్కిపడింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే పక్క మీద లేదు. పెరట్లో నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని, అంత చలిలో కొంగుతో మెడ తుడుచుకుంటోంది. "ఒళ్ళంతా ఆవిర్లు వస్తున్నాయే, లోపల ఎవరో పొయ్యి రాజేసినట్టుంది" అంది. పొద్దున చిన్నోణ్ణి పెన్సిల్ పోగొట్టాడని కొట్టి, తర్వాత వాడి పక్కనే పడుకుని ఏడ్చింది.

ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒక డాక్టరు బలానికి టానిక్ రాసిచ్చారు. బావ చెడ్డవాడు కాదు కానీ, "ఊళ్ళో ఎంతమంది చేయించుకోలేదు, వాళ్ళకి లేనిది నీకేంటి" అంటాడు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ ఆపరేషన్‌కీ ఈ మనసు బాగోకపోవడానికీ సంబంధం ఉందా? ఎక్కడైనా, ఎవరైనా దీన్ని పరీక్షించి చూశారా?

కాలువగట్టు | శనివారం రాత్రి 11:20

చెల్లెమ్మా, మా ఇంట్లో అమ్మ, పిన్ని, పెద్దమ్మ ముగ్గురూ చేయించుకున్నారు. ముగ్గురూ పొలం పనులకి వెళ్తున్నారు. ఆపరేషన్ మీద నెపం పెట్టేముందు ఇంట్లో అప్పులు, మీ బావ తాగుడు లాంటివి ఏమైనా ఉన్నాయేమో చూడు. ఆడవాళ్ళు బయటికి చెప్పుకోలేనివి చాలా ఉంటాయి.

రాత్రిడ్యూటీ | శనివారం రాత్రి 11:41

మిరపచేను గారూ, నేను వరంగల్‌లో సైకియాట్రీ విభాగంలో స్టాఫ్ నర్సుని. పన్నెండేళ్ళ సర్వీసు. మీరు రాసినట్టే ఉండే ఆడవాళ్ళను నేను ప్రతి వారం చూస్తాను. కేసు షీటులో "గతంలో ఆపరేషన్లు" అన్న గడి ఉంటుంది, అక్కడ గర్భసంచి అని రాసుకుంటాం, అంతే. దాని గురించి మళ్ళీ ఎవరూ అడగరు.

కాలువగట్టు అన్న చెప్పినవీ అడగాల్సిందే, కాదనను. కానీ ముందు మూడు సంగతులు చెప్పండి. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీశారా, ఉంచారా? ఆవిర్లు ఎప్పటి నుంచి? చచ్చిపోవాలని ఉందని ఎప్పుడైనా అందా? సూటిగా కాకపోయినా సరే.

మిరపచేను | ఆదివారం ఉదయం 7:05

అండాశయాల సంగతి అక్కకే తెలియదు. "సంచి తీశారు" అని మాత్రమే తెలుసు. ఆవిర్లు ఆపరేషన్ అయిన రెండు మూడు వారాల నుంచే అంటోంది.

మూడోది చదివి గుండెల్లో రాయి పడింది. దసరాకి వెళ్ళినప్పుడు ఒకసారి, "నేను లేకపోతే పిల్లల్ని నువ్వు చూసుకుంటావుగా" అంది. నేను "పిచ్చి మాటలు మాట్లాడకు" అని కసిరాను.

రాత్రిడ్యూటీ | ఆదివారం ఉదయం 7:18

కసిరినందుకు బాధపడకండి, ఇప్పుడు చేయాల్సింది చూడండి. ఈరోజే బావకి ఫోన్ చేయండి. మీది మిరప పండించే ఇల్లు కాబట్టి ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఉంటాయి. అవన్నీ ఇంట్లోంచి తీసేసి వేరేచోట తాళం వేయించండి. వంటింటి అటక మీద, మంచం కింద కూడా చూడమనండి. రాత్రిళ్ళు అక్క ఒంటరిగా పెరట్లో కూర్చోకుండా ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఆమెను మీరే నేరుగా అడగండి, "అక్కా, చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని భయపడతారు చాలామంది. అది నిజం కాదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా పనిచేస్తుంది.

మంచుదారి | ఆదివారం ఉదయం 9:30

ఇక్కడ నేను ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగిన పరిశోధన మా ఊళ్ళోనే జరిగింది. నేను అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లో ఉంటాను. ఆరోగ్య గణాంకాలు చూసే పని. ఈ ఊరున్న ఓమ్‌స్టెడ్ కౌంటీలో దశాబ్దాలుగా జనం మెడికల్ రికార్డులన్నీ ఒకచోట కలిపి భద్రపరిచారు. దాంతో ఒక మనిషికి 30వ ఏట జరిగిన ఆపరేషన్‌నీ 55వ ఏట వచ్చిన జబ్బునీ జతచేసి చూడొచ్చు.

1980 నుంచి 2002 వరకు ఇక్కడ క్యాన్సర్ కాని కారణాలకు గర్భసంచి తీయించుకుని, అండాశయాలు ఉంచుకున్న సుమారు 2,100 మందిని మేయో క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి వాళ్ళు తీసుకున్నారు. ఒక్కొక్కరికీ అదే వయసున్న, ఆపరేషన్ లేని ఒక మనిషిని జత కట్టారు. ఆపరేషన్ తర్వాత కొత్తగా మొదలైన మానసిక జబ్బుల్నే లెక్కపెట్టారు. 2019లో ఫలితాలు వచ్చాయి. డిప్రెషన్ వచ్చే అవకాశం ఆపరేషన్ అయినవాళ్ళలో 26 శాతం ఎక్కువ, యాంగ్జైటీ, అంటే అతి ఆందోళన, 22 శాతం ఎక్కువ.

శాతాలు విని భయపడొద్దు, మామూలు లెక్కలో చెప్తాను. 30 ఏళ్ళ కాలంలో, ఆపరేషన్ లేని వందమందితో పోలిస్తే ఆపరేషన్ అయిన వందమందిలో అదనంగా ఆరేడుగురికి డిప్రెషన్ వచ్చింది. అంటే ఎక్కువమందికి ఈ ఆపరేషన్ వల్ల ఏమీ కాలేదు. కాలువగట్టు గారి ఇంట్లో ముగ్గురూ బాగుండటం ఈ లెక్కకి సరిపోతుంది. కానీ 18 నుంచి 35 ఏళ్ళ మధ్య చేయించుకున్నవాళ్ళను విడిగా చూస్తే ఆ అదనం వందకి పన్నెండు.

మీ అక్కకి అప్పుడు 29.

పొన్నచెట్టు | ఆదివారం మధ్యాహ్నం 12:10

తల్లీ, నాకు 58. రాజమండ్రి. రెండో వైపు కూడా వినాలని రాస్తున్నాను.

నాకు గర్భసంచిలో గడ్డలు. నెలలో పన్నెండు రోజులు రక్తం. బడిలో టీచరుగా పనిచేసేదాన్ని, కుర్చీలోంచి లేవాలంటే వెనక చీర ఎలా ఉందోనని భయం. హిమోగ్లోబిన్ 6కి పడిపోయింది. ఆ మూడేళ్ళూ నేను మనిషిని కాను. పిల్లల మీద అరిచేదాన్ని, స్టాఫ్ రూములో ఏడ్చేదాన్ని. మందులు వాడాను, ఆగలేదు. 46వ ఏట గర్భసంచి తీశారు. ఆరు నెలలకి నా ప్రాణం నాకు తిరిగొచ్చింది. ఆ ఆపరేషన్ నా మనసును కూడా బాగుచేసింది.

ఇది చదివి, నిజంగా అవసరం ఉన్న ఎవరో ఆడపిల్ల భయపడి ఆపరేషన్ మానుకుంటుందేమోనని నా బెంగ.

తెల్లకోటు | ఆదివారం సాయంత్రం 6:45

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. గైనకాలజీ పీజీ చేస్తున్నాను, రెండో సంవత్సరం. పొన్నచెట్టు మేడమ్ చెప్పింది, మంచుదారి గారు చెప్పింది రెండూ నిజమే. ఈ తగువు యాభై ఏళ్ళుగా నడుస్తోంది.

1973లో డి.హెచ్.రిచర్డ్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తోందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఆ మరుసటి ఏడు దానికి ఒక సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టారు. ఆయన చూసింది ఆపరేషన్ అయిపోయినవాళ్ళని. ముందు వాళ్ళ మనసు ఎలా ఉండేదో ఎవరూ కొలవలేదు.

తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డెనిస్ గాత్ బృందం ఆ పని చేసింది. అధిక రక్తస్రావంతో ఆపరేషన్‌కి వచ్చిన 156 మందిని ముందూ, తర్వాతా ఇంటర్వ్యూ చేశారు. 1982లో ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్‌కి ముందు 58 శాతం మంది మానసికంగా జబ్బుగా ఉన్నారు. ఏడాదిన్నర తర్వాత అది 29 శాతానికి పడిపోయింది. అంటే పొన్నచెట్టు మేడమ్ అనుభవం లాంటిదే. ఆ రక్తస్రావం, ఆ నీరసం, ఆ భయమే వాళ్ళ మనసును తినేస్తోంది. అది పోగానే తేరుకున్నారు.

అమెరికాలో స్వాన్ అనే పెద్ద అధ్యయనం ఉంది. 42 నుంచి 52 ఏళ్ళ మధ్య వయసులో చేరిన ఆడవాళ్ళను పదేళ్ళ పాటు ఏటేటా చూస్తూ వచ్చారు. అందులో 1,970 మందిని తీసుకుని 2012లో లెక్క చూస్తే, ఆపరేషన్‌తో నెలసరి ఆగినవాళ్ళకీ సహజంగా ఆగినవాళ్ళకీ మనసు విషయంలో తేడా కనిపించలేదు. ఇద్దరిలోనూ కాలంతో పాటు డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి.

మరి 2019 మేయో ఫలితం? వయసు చూడండి. స్వాన్‌లో ఉన్నవాళ్ళు నలభై దాటినవాళ్ళు, ఎలాగూ నెలసరి ఆగే గడపలో ఉన్నవాళ్ళు. ఎక్కువ నష్టం కనిపించింది ముప్పై ఐదు లోపు వాళ్ళలో. అందుకే "గర్భసంచి తీస్తే మనసు చెడుతుందా" అన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. ఏ వయసులో, ఏ కారణానికి, అండాశయాలు ఉంచారా తీశారా, అంతకుముందు ఆ మనిషి మనసు ఎలా ఉండేది, ఈ నాలుగూ అడగాలి. మా ఓపీలో రోజుకి నూట యాభై మందిని చూస్తాం. మొదటి మూడూ రాస్తాం. నాలుగోది రాయడానికి షీటులో చోటే లేదు.

ఒక చరిత్ర సంగతి, నాకు చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. 1872లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బ్యాటీ అనే సర్జన్ జబ్బు లేని అండాశయాల్ని తీసేసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. అది త్వరలోనే ఆడవాళ్ళ "నరాల జబ్బుకి", "హిస్టీరియాకి" వైద్యం పేరుతో దేశదేశాలకి పాకింది. హిస్టీరియా అన్న మాటే గర్భసంచికి గ్రీకు భాషలో ఉన్న పేరు నుంచి వచ్చింది. గర్భసంచి తీసే ఆపరేషన్ పేరు హిస్టరెక్టమీ కూడా ఆ మాట నుంచే. అప్పట్లో మనసు బాగుచేస్తామని ఒంట్లో భాగం తీశారు. ఇప్పుడు ఒంట్లో భాగం తీస్తూ మనసు సంగతే అడగడం లేదు.

కాలువగట్టు | ఆదివారం రాత్రి 8:15

డాక్టరు గారూ, ఓపిగ్గా చెప్పారు. ఒక అనుమానం. మనసులో దిగులున్న ఆడవాళ్ళే నొప్పులు ఎక్కువ చెప్పుకుని ఆపరేషన్ దాకా వెళ్తారేమో? అప్పుడు దిగులు ముందు, ఆపరేషన్ తర్వాత అవుతుంది కదా.

మంచుదారి | ఆదివారం రాత్రి 9:02

చాలా మంచి ప్రశ్న. మేయో వాళ్ళు అందుకే ఆపరేషన్ నాటికే డిప్రెషన్ ఉన్నవాళ్ళను పక్కన పెట్టి, కొత్తగా వచ్చిన కేసులే లెక్కించారు. అయినా డాక్టరు దాకా రాని దిగులు రికార్డులోకి ఎక్కదు. అది ఎంతైనా ఉండొచ్చు. మరో లోపం, ఓమ్‌స్టెడ్ జనం ఎక్కువగా తెల్లజాతివాళ్ళు, బీమా ఉన్నవాళ్ళు. పల్నాడులో 29 ఏళ్ళ రైతు ఇంటి ఆడమనిషి జీవితానికి ఆ అంకెల్ని అలాగే అతికించలేం. దిశ చెప్తుంది, కొలత చెప్పదు. మన దగ్గర ఇలాంటి రికార్డులు కట్టి ముప్పై ఏళ్ళు చూసి ఉంటే ఈ అమ్మాయి అడిగిన దానికి నేను సూటిగా జవాబు చెప్పేవాణ్ణి. నాకు అదే బాధ.

సబ్‌సెంటర్ | ఆదివారం రాత్రి 9:40

నేను సంగారెడ్డి జిల్లాలో ఏఎన్ఎంని. మంచుదారి అన్నా, మీ బాధ నాకు అర్థమైంది. మన అంకెలు నేను చెప్తాను.

2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి, ఎంపిక చేసిన ఇళ్ళలో ఆడవాళ్ళను "గర్భసంచి తీయించుకున్నారా" అని అడిగారు. 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో దేశం మొత్తం మీద 3.2 శాతం మంది అవునన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మా తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలు మన రెండు రాష్ట్రాలవే. దేశంలో జరిగిన ఆ ఆపరేషన్లలో సుమారు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

ఎందుకిట్లా అని చానామంది అడుగుతారు. నేను చూసింది చెప్తా. చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే కాన్పులు, ఆ వెంటనే పిల్లల ఆపరేషన్. ఇగ గర్భసంచితో పనిలేదు అన్న మాట అక్కడే పుడుతుంది. తెల్లబట్ట అయితే సిగ్గుపడి ఏళ్ళ తరబడి చెప్పరు. చెప్పేసరికి ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు, ఆయన టౌనుకి పంపుతాడు, అక్కడ క్యాన్సర్ అన్న మాట వింటారు. ఆ మాట విన్న తర్వాత ఏ తల్లి ఆగుతుంది? కూలికి పోయే మనిషికి నెలకి అయిదు రోజుల బట్టల బాధ తప్పుతుందన్న ఆశ కూడా ఉంటుంది. అది తప్పు అనను నేను. పొలంలో చాటు లేదు, నీళ్ళు లేవు.

మెదక్ జిల్లా పల్లెల్లో డాక్టర్ కామేశ్వరి గారు, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి గారు ఈ ఆపరేషన్ల మీద ఊరూరా తిరిగి వివరాలు సేకరించారు. ఇతర రాష్ట్రాల్లోని అక్రమ ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా గారు సుప్రీంకోర్టుకి పోతే, 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. అనవసరంగా గర్భసంచి తీయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది కోర్టు.

ఒక సంగతి. నా దగ్గర ఆరు రిజిస్టర్లున్నాయి. గర్భిణులకు, టీకాలకు, బీపీకి, షుగర్‌కి. గర్భసంచి తీసిన 30 ఏళ్ళ మనిషి తర్వాత ఎట్లుంది అని రాసే రిజిస్టర్ నా దగ్గర లేదు.

జాబిలి24 | ఆదివారం రాత్రి 10:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాకు ఆపరేషన్ ఏమీ కాలేదు. కానీ నెలసరికి వారం ముందు నుంచి నేను నేను కాదు. ఉద్యోగం మానేయాలని, ఎక్కడికైనా పోవాలని, ఒక్కోసారి బతకొద్దని కూడా అనిపిస్తుంది. నెలసరి వచ్చిన రెండో రోజుకి మబ్బు విడిపోతుంది. హార్మోన్ టెస్టులన్నీ నార్మల్. ఇది కూడా ఇందులోకే వస్తుందా?

తెల్లకోటు | ఆదివారం రాత్రి 11:05

జాబిలి గారూ, మీరు దూరలేదు. ఇది చాలా దగ్గరి సంగతే. దీనికి పీఎమ్‌డీడీ అని పేరు, 2013లో మానసిక జబ్బుల అధికారిక జాబితాలో చేరింది. ఇందులో హార్మోన్ టెస్టులు మామూలుగా నార్మల్‌గానే వస్తాయి. 1998లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పీటర్ ష్మిట్, డేవిడ్ రూబినో బృందం ఒక ప్రయోగం చేసింది. మందుతో అండాశయాల పని కొంతకాలం ఆపేస్తే చాలామందిలో బాధ తగ్గింది. మళ్ళీ అండాశయాల హార్మోన్లయిన ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టిరాన్ గానీ ఇస్తే తిరిగొచ్చింది. అవే హార్మోన్లు అదే మోతాదులో ఈ బాధ లేని ఆడవాళ్ళకి ఇస్తే ఏమీ కాలేదు. హార్మోన్ అందరిలో ఒకటే. దాన్ని అందుకునే మెదడు వేరు. "అందరికీ వస్తుంది నెలసరి, నీకే ఎందుకు" అనేవాళ్ళకి ఈ ప్రయోగమే జవాబు.

రెండు నెలల పాటు రోజూ రాత్రి ఆ రోజు మనసు ఎలా ఉందో డైరీలో రాయండి, తేదీతో సహా. ఆ డైరీతోనే నిర్ధారణ చేస్తారు. దీనికి పనిచేసే మందులు ఉన్నాయి. బతకొద్దనిపించిన రోజు మాత్రం డైరీ కోసం ఆగకండి, రాత్రిడ్యూటీ గారు ఇచ్చిన నంబరుకి చేయండి. విడిగా థ్రెడ్ మొదలుపెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

నిర్వాహకులు | సోమవారం ఉదయం 8:00

ఆసుపత్రుల పేర్లు అడుగుతూ కొందరు వ్యక్తిగత సందేశాలు పంపారు. దయచేసి ఇక్కడ ఏ ఆసుపత్రి పేరూ, ఏ డాక్టరు పేరూ ఫిర్యాదుగా రాయకండి. చర్చ చాలా బాగా నడుస్తోంది.

మిరపచేను | మరుసటి ఆదివారం సాయంత్రం 5:20

సెలవు పెట్టి ఊరెళ్ళాను. ముందు మందు డబ్బాల సంగతి. బావ నేను ఫోన్ చేసిన రోజే ఏడు డబ్బాలు తీసి మోటారు షెడ్డులో పెట్టి తాళం వేశాడు. తాళం చెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు, నాకు చూపించాడంతే.

అక్కని నేరుగా అడిగాను. చాలాసేపు గోరు గిల్లుకుంటూ కూర్చుని, "అనిపిస్తుందే, పొద్దున లేవగానే అనిపిస్తుంది" అంది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ట్రంకు పెట్టె తీశాం. అడుగున, పట్టుచీర కింద, పసుపు ఫైలు ఉంది. స్కానింగ్ ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. డిశ్చార్జ్ కాగితం మీద ఇంగ్లీషులో టీఏహెచ్, ఆ పక్కన ప్లస్ గుర్తు పెట్టి బీఎస్ఓ అని ఉంది. బయాప్సీ కాగితం కూడా ఉంది. అందులో క్రానిక్ సర్విసైటిస్ అని, క్యాన్సర్ లక్షణాలు లేవని రాసి ఉంది. ఆ కాగితం కవరు చింపను కూడా లేదు.

బీఎస్ఓ అంటే ఏమిటి?

తెల్లకోటు | మరుసటి ఆదివారం సాయంత్రం 6:10

మిరపచేను గారూ, కాస్త కూర్చుని చదవండి. టీఏహెచ్ అంటే పొట్ట మీద కోసి గర్భసంచి మొత్తం తీయడం. బీఎస్ఓ అంటే రెండు వైపులా అండాశయాలు, వాటి గొట్టాలు కూడా తీసేయడం. మీ అక్కకి 29వ ఏట, ఒక్క పూటలో, ముట్లుడిగిపోయాయి.

మన దేశంలో సహజంగా ఇది 46, 47 ఏళ్ళ ప్రాంతంలో జరుగుతుంది. అదీ నాలుగైదేళ్ళ పాటు మెల్లగా, దీపంలో నూనె తగ్గినట్టు. ఆమెకి స్విచ్ కట్టేసినట్టు జరిగింది. ఈస్ట్రోజెన్ మెదడులో సెరటోనిన్ అనే మనసుకి సంబంధించిన రసాయనం మీద, నిద్ర మీద, ఒంటి వేడిని నిలిపే భాగం మీద పనిచేస్తుంది. అందుకే రెండు మూడు వారాల్లోనే ఆవిర్లు. మంచుదారి గారు చెప్పిన లెక్క అండాశయాలు ఉంచినవాళ్ళది. వయసు రాకముందే రెండూ తీసేసినవాళ్ళ మీద అదే కౌంటీలో వాల్టర్ రొక్కా బృందం 2008లో విడిగా రాసింది. వాళ్ళలోనూ కాలక్రమంలో డిప్రెషన్, యాంగ్జైటీ రెండూ ఎక్కువే.

బయాప్సీలో ఉన్నది గర్భసంచి మూతి వాపు. ఎక్కువసార్లు మందులతో తగ్గేది. ఈ మాట రాయడానికి నాకు చేయి రావడం లేదు, కానీ మీకు తెలియాలి.

ఇప్పుడు చేయాల్సింది ఉంది. ఇంత చిన్న వయసులో అండాశయాలు పోతే, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేనంతవరకు, సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. మనసు కోసమే కాదు, ఎముకలకి, గుండెకి కూడా. "హార్మోన్ మాత్రలతో క్యాన్సర్" అని ఎవరో ఒకరు భయపెడతారు. ఆ భయం 2002లో అమెరికాలో ఆగిపోయిన ఒక పరీక్ష నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63, వాళ్ళకి ఇచ్చింది రెండు హార్మోన్లు కలిపిన మాత్ర. గర్భసంచి లేనివాళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. అయినా బీపీ, రొమ్ము పరీక్ష, కుటుంబ చరిత్ర చూశాకే మొదలుపెడతారు. ఇక్కడ నేను మోతాదు రాయను. గైనిక్ ఓపీకి, సైకియాట్రీ ఓపీకి ఒకేరోజు తీసుకెళ్ళండి. ఒకటి రెండోదానికి బదులు కాదు.

రాత్రిడ్యూటీ | మరుసటి ఆదివారం సాయంత్రం 6:31

వెళ్ళేటప్పుడు ఆ రెండు కాగితాలూ రెండు ఓపీల్లోనూ చూపించండి. అడిగేదాకా ఆగొద్దు, కూర్చోగానే బల్ల మీద పెట్టండి.

పొన్నచెట్టు | మరుసటి ఆదివారం రాత్రి 7:50

తల్లీ, నా అండాశయాలు ఉంచారు. ఎందుకు ఉంచుతున్నారో డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి మరీ చెప్పింది. ఇద్దరం ఒకే ఆపరేషన్ చేయించుకున్నాం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మిరపచేను | ఐదు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 9:15

ఆలస్యంగా రాస్తున్నాను. గుంటూరులో రెండు ఓపీలూ ఒకే రోజు చూపించాం, పొద్దున ఆరింటి బస్సుకి వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి వచ్చాం. సైకియాట్రీలో ఒక చిన్న డాక్టరమ్మ తొమ్మిది ప్రశ్నలు చదివి వినిపించింది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా అనిపించింది అని. అక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పింది. 27కి 17 వచ్చింది. బయటికొచ్చాక అక్క నాతో అన్న మొదటి మాట, "ఇవన్నీ నన్ను ఎవరైనా అడుగుతారని నాకు తెలియదే."

డిప్రెషన్‌కి మాత్ర మొదలుపెట్టారు. గైనిక్ వాళ్ళు పరీక్షలన్నీ చేసి, పది రోజుల తర్వాత హార్మోన్ ఇచ్చారు. ఎముకల స్కానింగ్‌కి రాశారు. ఆవిర్లు సగానికి సగం తగ్గాయి. నిద్ర నాలుగైదు గంటలు పడుతోంది. ఏడుపు ఇంకా ఉంది. పొద్దుటి ఆలోచన రోజూ రావడం లేదంది. బావ కాగితం చూసిన రోజు నుంచి "ఊళ్ళో అందరూ" అన్న మాట ఎత్తలేదు. మందు వేళకి సెల్‌లో అలారం పెట్టాడు.

ఇంకో సంగతి. అక్క ఆ మూడక్షరాల గురించి మిరపకోతల దగ్గర చెప్పిందట. మర్నాడు సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు ఫైళ్ళు పట్టుకుని ఇంటికొచ్చారు. అందులో ఒకావిడకి 27 ఏళ్ళు. తమ కాగితాల్లో కూడా అది ఉందేమో చూడమంటున్నారు. తెల్లకోటు గారూ, ఫోటోలు తీసి పంపితే చదివి చెప్పగలరా?

తెల్లకోటు | శుక్రవారం రాత్రి 9:22

పంపండి. పేర్లు, ఫోన్ నంబర్లు కనపడకుండా వేలితో మూసి తీయండి. బయాప్సీ కాగితం ఉంటే అదీ పంపండి.

సబ్‌సెంటర్ | శుక్రవారం రాత్రి 9:40

నేను ఏడో రిజిస్టర్ మొదలుపెట్టాను. మామూలు నోటుబుక్కే. మా సబ్‌సెంటర్ కింద గర్భసంచి తీసినవాళ్ళు ఇప్పటికి 41 మంది తేలారు. మిరపచేను చెల్లె, మీ డాక్టరమ్మ అడిగిన ఆ తొమ్మిది ప్రశ్నలు తెలుగులో ఉన్న కాగితం ఉంటే నాకు పంపుతావా?